మావయ్యగారు కూర్చునే గోడ

పొద్దున పది కాగానే పెరటి గోడ మీదికి మావయ్యగారి నీడ వచ్చి కూర్చునేది. మనిషి పోయి నాలుగేళ్లయినా నీడ వేళ తప్పలేదు. పేపరు చదువుకుని, పదకొండింటికి లేచి వెళ్లిపోయేది. ఆ గంటసేపూ కోడళ్లిద్దరూ గోడ మీద బట్టలు ఆరేసేవాళ్లు కాదు, అంతే.

రేకుల కప్పు బరువు మొయ్యదని, రెండు వాటాలకీ కలిపి సోలార్ పలకలు ఆ గోడకే నిలువుగా బిగించుకుందామనుకున్నారు. ఫిట్టరు కొలతలు తీసి, "అయిదు పడతాయి. నడిమిది పెద్దాయన మీదికొస్తుంది, వదిలెయ్యనా?" అని అడిగాడు.

"బిగించెయ్యి బాబూ. ఆయనే పక్కకి జరుగుతారు," అంది పెద్దకోడలు. ఇంట్లోనే బట్టలు కుట్టే ఆవిడకి, మిషన్ మోటారుకి ఎంత కరెంటొచ్చినా చాలదు.

నల్లటి పలకలు ఎక్కాక నీడ మళ్లీ కనబడలేదు. పైగా రోజూ పదింటికి మిషన్ నీరసించేది, పదకొండింటికి పుంజుకునేది. సరిగ్గా ఆ వేళకే చిన్నకోడలు తడిగుడ్డ పట్టుకుని పెరట్లోకి పోయేది. పలకల దుమ్ము తుడవడానికట! ఏ వైరు ఎటు తిప్పుతోందో ఎవరికి తెలుసు? పెద్దకోడలు తలుపు సందులోంచి తొంగిచూసింది, ఆ పిల్ల లేనప్పుడు ఆ వాటాలోకి వెళ్లి ఇస్త్రీపెట్టె వేడిగా ఉందేమోనని తడిమింది. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా ముదిరింది.

"ఈ దొంగతనం తేలనివ్వండి, పెరటి మధ్యలో అడ్డుగోడ లేపేస్తాను," అని మొగుడికి తెగేసి చెప్పి, ఇటుకలు కూడా దింపించింది.

ఆ రోజు పదింటికి మిషన్ నీరసించడం కాదు, ఏకంగా ఆగిపోయింది. సూది గుడ్డలోనే ఉండిపోయింది. ఇవాళ దొరికావే అనుకుంటూ పెద్దకోడలు పెరట్లోకి ఊడిపడింది.

పలకల ఇనుప చట్రం పక్కన చిన్నకోడలు కొయ్యబారిపోయి నిలబడి ఉంది. తడిగుడ్డ కింద పడి ఉంది.

"ముట్టుకోకక్కా. చెయ్యి జివ్వుమని లాగేసింది, విడిపించుకోలేకపోయాను. అంతలో దానంతటదే వదిలేసింది."

ఎలుక కొరికిన వైరు చట్రానికి ఆనుకుని ఉంది. పెద్దకోడలు తలెత్తింది. పలకకీ పలకకీ మధ్య బెత్తెడేసి తెల్లగోడ కనబడుతుంది. ఆ సందుల్లో నీడ. నడిమి పలకకి అటూ ఇటూ రెండు చేతులు, గోడ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చాచి ఉన్నాయి. చిన్నకోడలి చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

వైరు మార్చడానికొచ్చిన ఫిట్టరు తల గోక్కున్నాడు.

"ఒక్క పలక మీద నీడ పడినా వరసంతా నీరసిస్తుందమ్మా, అన్నిటి మీదా పడితే కరెంటే ఆగిపోతుంది. పెద్దాయన ఎక్కడికీ జరగలేదు. నల్ల పలక కదా, మనకే కనబడలేదు."

"నడిమిది తీసెయ్యి," అంది పెద్దకోడలు.

"కరెంటు తగ్గుతుంది మరి."

"తగ్గనీ."

దింపించిన ఇటుకలతో గోడకెదురుగా ఇద్దరికి సరిపడా అరుగు కట్టించింది. అది ఆరిన రోజున, పదింటికి మిషన్ ఆపి, రెండో వాటా వైపు తిరిగి పిలిచింది.

"చెల్లీ, రా. మావయ్యగారు వచ్చేశారు."