పిడికెడు పొద్దు

ఎసట్లో బియ్యం పోసే ముందు నిర్మల ఓ పిడికెడు తీసి చర్చికిచ్చే బియ్యం కుండలో వేసేది. తన పొద్దులోంచి ఇంకో పిడికెడు తీసి స్టీలు డబ్బాలో వేసి మూత పెట్టేది. రాజోలు పక్కన ఆ పేటలో కాలేజీ పిల్లలున్న తల్లులందరూ చేసే పనే అది. పిల్లలకి చదువుకోడానికి టైం చాలదు, మరి ఎక్కణ్ణించి తెస్తారు? డబ్బా మూత తీస్తే పిల్లలకి కాస్త టైం కలిసొచ్చేది, తల్లికి మధ్యాహ్నం ఆ మేరకి తరిగిపోయేది.

నిర్మల కూతురు కుసుమ అమలాపురంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. టైం టేబుల్ రాయమంటే ఎంత ముచ్చటగా రాసేదనుకున్నారు! రంగురంగుల స్కెచ్చులతో శుభలేఖలా ఉండేది. చదవడం మాత్రం రేపే. డబ్బా మూత తీసి, ఫోన్లో వీడియోలు చూస్తూ కూచునేది.

"అయిపోయిందే అమ్మా, ఇంకాస్త వెయ్యవే."

వేసేది, పిచ్చితల్లి.

పరీక్షల ముందు నిర్మలకి జబ్బు ముదిరింది. ఇంటికి తీసుకుపొమ్మన్నారు ఆసుపత్రిలో. చూడ్డానికొచ్చిన పక్కింటి మార్తమ్మ, నిర్మల చెయ్యి డబ్బా వైపు వెళ్లడం చూసి గుండెలు బాదుకుంది.

"ఉన్నదే కాస్త! ఇప్పుడు కూడా ఎందుకండీ ఒదినగారూ?"

"రేపు పరీక్షండీ దానికి. పాపం, టైం చాలట్లేదంట."

గుమ్మంలో ఫోన్ చూసుకుంటున్న కుసుమ ఆ మాట వింది. సిగ్గుతో చచ్చిపోయింది. పరుగున వచ్చి డబ్బాలో ఉన్నదంతా తల్లి చేతిలో పోసేసింది.

"నాకెందుకే? చదువుకోవూ?"

"ఇక్కడే చదువుతానమ్మా. నువ్వు విను."

బోటనీ పుస్తకం తెచ్చి, ఆకులు ఎండతో అన్నం ఎలా వండుకుంటాయో చెప్పింది. నిర్మల ఐదో క్లాసుతో బడి మానేసిన మనిషి. "మరి వానాకాలం పస్తేనా?" అని అడిగింది. కుసుమ ఏడుస్తూనే నవ్వింది. పాఠం సగంలో ఉండగా నిర్మల కళ్లు మూసుకుంది. మళ్లీ తెరవలేదు.

మర్నాడు మధ్యాహ్నం భూస్థాపన. పరీక్షా ఆ పూటే. కుసుమ శవం దగ్గర్నుంచి లేవనంది. అప్పుడు పేటలో తల్లులు ఒక్కొక్కరే వచ్చేరు. తమ పిల్లల కోసం దాచిన డబ్బాలన్నీ కుసుమ ఒళ్లో కుమ్మరించేరు.

"రాసి రామ్మా. ఈలోపు అమ్మనెవరూ తీసుకెళ్లరు," అంది మార్తమ్మ.

కుసుమ బస్సెక్కి అమలాపురం వెళ్లింది, పరీక్ష పూర్తిగా రాసింది, తిరిగొచ్చింది. శవపెట్టె మూత ఇంకా వెయ్యలేదు. ఫాదర్ గారు కూడా రాలేదు. ఒళ్లో ఇంకా బోలెడు టైం మిగిలి ఉంది. ఏం చేసుకోవాలో తెలీక, తల్లి పక్కన కూచుని, ఆ మిగతా సగం పాఠం చదివి వినిపించింది.