చోనాకి తెలిసిన చప్పుడు

ఎడారి జంతువుల మ్యూజియంలో తాబేలు బొరియలోకి భుజం దాకా చెయ్యి దూర్చి తడిమిన సంరక్షకురాలు ఎలోదియా వేళ్లకి మట్టి తప్ప మరేమీ తగల్లేదు.

బోర్లా పడుకుని టార్చి వేసి చూసింది. ఖాళీ. లేచి రాతిగోడ చుట్టూ తిరిగింది. గోడ మోకాలెత్తే అయినా దాన్ని ఎక్కడం ఏ తాబేలు వల్లా కాదు. ఎక్కడా రాయి కదల్లేదు, కింద తవ్విన జాడ లేదు. తోడేలు జాతిది ఏదైనా దూరితే నెత్తురు చుక్కయినా మిగిలేది. పక్క ఆవరణలో అడవిపందులు నీడకు చేరి గురక పెడుతున్నాయి. ఎండలో సవారో జెముడు చెట్లు చేతులెత్తి నిలబడ్డాయి. అన్నీ నిన్నటిలాగే ఉన్నాయి. చోనా ఒక్కటే లేదు.

"తోరీబియో!"

గేటు కాపలా తోరీబియో పొట్ట మోసుకుంటూ వచ్చి బొరియలోకి తొంగి చూశాడు.

"పూమా పారిపోతే పేపర్లో నా ఫొటో అయినా వేస్తారు. తాబేలు పారిపోయిందని ఎట్లా చెప్పుకోనక్కా? కాపలావాడి కంటే అదే జోరుగా నడిచిందంటారు."

"అబద్ధమేముంది? ఎగతాళి ఆపి విను. దానికి రొంప ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఇవాళ సూది పడకపోతే బతకదు. ఎత్తుకుపోయినవాడికి ఆ సంగతి తెలీదు."

తోరీబియో నవ్వు ఆగిపోయింది.

బొరియ ముందు పలకరాయి మీద తెల్లగా ఏదో అంటుకుని ఉంది. ఎలోదియా గోటితో గీకింది. పిండి. ఎండకి అంచులు బిరుసెక్కిన గోధుమపిండి ముద్ద. వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలింది. కలిపినవాళ్లు పంది కొవ్వు చాలినంత వెయ్యలేదు, నాననివ్వలేదు కూడా.

"నిన్న సాయంత్రం ఇటుపక్క ఏమైనా విన్నావా?"

"చప్పట్లు విన్నాను. గద్దల ఆట బాగుందని ఎవరో కొడుతున్నారనుకున్నా."

"గద్దల్ని ఎగరేసేది పొద్దునపూట కదయ్యా! ఏదీ, కొట్టి చూపించు."

తోరీబియో కొట్టాడు. తప్... తప్... ఆగాడు. మళ్లీ తప్. "మధ్యలో ఎవరో 'ఛీ, మళ్లీ చిరిగింది' అన్నట్టు కూడా ఉంది. నాకెందుకులే అని ఊరుకున్నా."

ఎలోదియా చేతిలో టార్చి వెలుగుతూనే ఉండిపోయింది. అవి చప్పట్లు కావు. సోబకేరా రొట్టె చప్పుడు. పిండిని ఒక ముంజేతి మీంచి ఇంకో ముంజేతి మీదికి విసిరి విసిరి, దుప్పటంత పలచగా సాగదీసేటప్పుడు వచ్చేది. ఎర్మొసీయో ఊళ్లో పుట్టినవాళ్లకి అమ్మ గొంతు తర్వాత తెలిసేది ఆ చప్పుడే. ఎలోదియా ఇంట్లో అది వినిపించి చాలాకాలమైంది. ఒక్క మనిషికి అంత రొట్టె ఎవరు చేసుకుంటారు? కొట్లో కొనుక్కుని సగం పారేస్తుంది.

ఈ ఊళ్లో చెయ్యి తిరిగిన ఆడది ఎవరూ ఇంత బిరుసు పిండితో సోబకేరాకి దిగదు. చిరిగిపోతుంది. ఎవరో మగవాడు, వయసు మళ్లాక, చెప్పేవాళ్లు లేకుండా నేర్చుకుంటున్నాడు.

వెంటనే ఆమెకు చోనాని తెచ్చిన రోజు గుర్తొచ్చింది. వీయా దె సేరిస్ పేటలో ఒక ఇల్లు. అప్పటికే మంచాన పడిన దోన్యా అంపారో, తను పోయాక తాబేలుకి దిక్కెవరని మ్యూజియానికి ఇచ్చేసింది. పొయ్యి కింద దూరిన చోనా ఎంత పిలిచినా రాలేదు. అంపారో గోడ పట్టుకుని లేచి గుప్పెడు పిండి ముంజేతుల మీద తట్టింది. చోనా బుద్ధిగా బయటికొచ్చి, రోజూ ఇచ్చే నాగజెముడు ముక్క కోసం మెడ చాపింది. వెనకాల టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డ భర్త, దోన్ నసారియో.

ఆమె పోయినప్పటినుంచి ఆయన ప్రతి గురువారం వచ్చి ఈ గోడ పక్క బెంచీ మీద కూర్చుంటున్నాడు. "బయటికొస్తుందా తల్లీ?" అనేవాడు. "వానలు పడనివ్వండి, అప్పుడొస్తుంది" అనేది ఎలోదియా, తోపుడుబండి ఆపకుండానే. నిన్న గురువారం.

"నిన్న దోన్ నసారియో చేతిలో సంచీ ఉందా?"

"ఉంది. పాపం, బరువుగా ఉందని బస్సు దాకా నేనే..." తోరీబియో నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. "అమ్మ బాబోయ్! నేనే మోశానక్కా!"

మందుపెట్టె వ్యానులో పెట్టుకుని ఎలోదియా బయల్దేరింది. దక్షిణాన మబ్బులు కమ్ముతున్నాయి గానీ చుక్క రాల్లేదు.

నసారియో ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. వంటగదిలో బల్ల నిండా పిండి. పెనం మీద చిరుగుల రొట్టె ఒకటి మాడి ఉంది. రెండు కుర్చీల్లో ఒకదాని మీద ఆయన. గడప దగ్గర చోనా, ముక్కులోంచి బుడగలు తీస్తూ. ఎలోదియా దాని పక్కన కూర్చుని, ముందరి కాలు లాగి సూది గుచ్చింది. చోనా బుసకొట్టింది. బుసకొట్టే ఓపిక ఉందంటే బతుకుతుంది.

"జబ్బు చేసిందా దానికి?" నసారియో కుర్చీలోంచి లేచాడు. "ఒట్టు తల్లీ, నాకు తెలీదు."

"తెలిసి చేశారని నేననలేదు. పైవాళ్లు అడుగుతారు. నేనేం చెప్పను?"

ఆయన చేతులకంటిన పిండి దులుపుకున్నాడు.

"నేనే ఎత్తుకొచ్చానని చెప్పు. ఆ బెంచీ మీద కూర్చుని పేరు పెట్టి ఎంత పిలిచినా తల బయట పెట్టలేదు. నా గొంతు దానికెందుకు? దానికి తెలిసింది అంపారో చేతుల చప్పుడు. అందుకే పిండి తట్టడం నేర్చుకున్నా. ఎన్ని చిరిగాయో ఆ పెనాన్ని అడుగు. నిన్న తట్టాను, వచ్చింది తల్లీ. నా బూటు దాకా నడిచొచ్చింది. వచ్చి నన్ను చూడలేదు. మెడ పక్కకి చాపి నా వెనక్కి చూసింది, ఆమె ఎక్కడుందా అని. ఇక దాన్ని అక్కడ వదిలి రాలేకపోయాను. తోడుంటుంది కదా అని సంచీలో వేసుకొచ్చా. వచ్చినప్పట్నుంచీ పొయ్యి చుట్టూ, గడప చుట్టూ తిరుగుతూనే ఉంది. తీసుకుపో. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో ఆమెను వెతికేవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు ఆ నోరులేనిదానికి కూడా అదే పని పెట్టాను."