మైనం పెట్టిన పూలు

అయినా పువ్వు రాలడంలో తప్పేముంది, రాలడం కూడా పువ్వు చేసే పనుల్లో ఒకటి, అనుకుంటూ అతను వంగి ఇంకో ఎర్రపువ్వు ఏరి అరచేతిలో వేసుకున్నాడు. కాకపోతే ఆ ఒక్క పనే పెట్టుకుంటే ఎలా? విచ్చుకోవడం, ఓ పూటో రెండు పూటలో ఎర్రగా నవ్వడం, కాడతో సహా ఊడి కింద పడటం. మధ్యలో కాయ కాయడమనే ముచ్చట ఒకటుందని వీటికెవరూ చెప్పలేదా? చెప్పే ఉంటారు. అక్కయ్య ఇంట్లో ఇన్నేళ్ళూ కాశాయి కదా. మరి నా దగ్గరికి వచ్చాకే ఎందుకు మర్చిపోయాయి? మనుషుల్లోనూ అంతే. కొందరి దగ్గర గలగలా మాట్లాడేవాళ్ళు నా ఎదురుగా కూర్చోగానే ఆవలిస్తారు.

ఈ ఆలోచన అతనికి బాధ కలిగించలేదు. చాలాకాలంగా వాడుతున్న చెప్పుల్లా సుఖంగానే ఉంది. చిక్కల్లా చిక్కుడు తీగతోనే.

అతను పళ్ళసెట్లు చేస్తాడు. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, ఆ తెల్లటి చిగుళ్ళ మీద గులాబిరంగు మైనం పరిచి, ఒక్కో పన్నూ నిలబెడతాడు. ఇంటి వెనకగదే అతని పనిచోటు. కిటికీ తెరిస్తే పెరడు. ఆ నోళ్ళు ఎవరివో అతనికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఎప్పుడైనా కూరగాయల కొట్టు దగ్గర ఎవరో పెద్దాయన పకపకా నవ్వితే, మనిషిని కాదు, పైవరసని గుర్తుపడతాడు. "బానే కూర్చుందే," అనుకుని పలకరించకుండా పక్కకి జరుగుతాడు. ఊళ్ళో సగం మంది తన చేతి పళ్ళతో నవ్వుతున్నారు. వాళ్ళలో ఒక్కరికీ తను తెలియదు. ఈ ఏర్పాటు అతనికి నచ్చింది.

ఏర్పాటు చెడగొట్టింది అక్కయ్యే. బావ మోకాళ్ళు అరిగాయని పాత ఇల్లు ఖాళీ చేసి, లిఫ్టున్న మేడలో మూడో అంతస్తుకి మారుతూ, గుప్పెడు గింజలు తెచ్చి తమ్ముడి చేతిలో పోసింది. ఊదారంగు మీద నల్లమచ్చలతో బొటనవేలి గోరంత ఉన్నాయి.

"మా అత్తగారి కాలం నాటి ఎర్రపూల చిక్కుడురా. మొత్తం నీకే ఇచ్చేస్తున్నాను, ఒక్క గింజ కూడా ఉంచుకోలేదు. అక్కడ మట్టెక్కడిది? వచ్చే ఏటికి బాల్కనీలో పెట్టెలు పెట్టిస్తాంలే. అప్పుడు మళ్ళీ నువ్వే ఇద్దువుగాని."

"వీడికిచ్చావా?" అన్నాడు బావ, మోకాలు రుద్దుకుంటూ. "అయిపోయింది. చిక్కుడుకాయలు కాయవు, దంతాలు కాస్తాయి."

"బావా, నువ్వు కొరకడానికి పనికొస్తాయిలే," అన్నాడతను.

అప్పుడు నవ్వుకున్నారు. ఇప్పుడా గింజలన్నీ తీగలైపోయాయి. కాయలు రాకపోతే గింజల్లేవు. ఆ రకం ఏ కొట్లోనూ దొరకదు, అడిగి చూశాడు. అక్కయ్య తన జీవితంలో అతనికి అప్పగించిన వస్తువు ఇదొక్కటే. అది నేలరాలుతోంది. ఫోన్ చేసినప్పుడల్లా ఆమె ఒకటే అడుగుతుంది, "కాయలు పట్టాయా?" అతను ఒకటే చెబుతాడు, "ఆఁ, బ్రహ్మాండంగా."

అబద్ధం ఎందుకాడుతున్నానని అతను తనని తానే చాలాసార్లు నిలదీసుకున్నాడు. భయమా? కాదు, అక్కయ్య కేకలేసే మనిషి కాదు. నిజం చెబితే ఆమె వచ్చేస్తుంది. పెరట్లోకి, గదిలోకి, ఆ తర్వాత వంటింట్లోకి. "గిన్నెలు ఇలా బోర్లిస్తారా?" అంటుంది. సాయం ఎప్పుడూ ఒంటరిగా రాదు, మనిషిని వెంటబెట్టుకుని వస్తుంది. అదీ అతని ఇబ్బంది.

అందుకని సొంత వైద్యం మొదలుపెట్టాడు. కంటికి భూతద్దం బిగించుకుని పూలు పరీక్షించాడు. దొరికింది! పువ్వు మొదట్లో, తొడిమ పక్కన, సూదితో పొడిచినట్టు బెజ్జం. ఇంకో పువ్వుకీ ఉంది. ఆ పక్కదానికీ. అతని గుండె వృత్తిపరమైన సంతోషంతో కొట్టుకుంది. పుచ్చు! ఏదో పురుగు తొలుస్తోంది, తొలిస్తే రాలక ఏం చేస్తాయి?

పుచ్చుకి ఏం చెయ్యాలో అతనికి తెలియంది కాదు. మైనం వెచ్చజేసి, సన్నటి ఇనపపుల్ల కొసమీద ఆవగింజలో సగమంత తీసి, ఒక్కో బెజ్జానికీ పూడిక పెట్టాడు. చేతులకి పల్చటి రబ్బరు తొడుగులు, మామూలే. మైనం రంగు పువ్వు రంగుకి దాదాపు కలిసింది. అంత చక్కటి పని ఈమధ్య కాలంలో చెయ్యలేదనిపించింది. తర్వాత కొత్త పురుగు రాకుండా పాత దోమతెర దింపి పందిరంతా కప్పి, అంచుల్ని బట్టల క్లిప్పులతో బిగించాడు. ఎండ మండిపోతోందని పొద్దునా సాయంత్రం తెర పైనుంచే పూలమీద నీళ్ళు చిలకరించాడు.

పూలు మాత్రం రాలుతూనే ఉన్నాయి. ఇప్పుడు పూడికలతో సహా.

అరచేతిలో పూలు పట్టుకుని అతను ఇదంతా తలపోస్తుండగానే వీధి తలుపు చప్పుడైంది. ఆ వెంటనే, ఎవరు పిలిచారని, పెరటి గుమ్మంలో అక్కయ్య. వెనకాల కర్ర తాటించుకుంటూ బావ.

"ఇటు పనిమీద వచ్చాం. చూసిపోదామని..." అంటూ అక్కయ్య ఆగిపోయింది. "ఇదేంట్రా?"

"దోమతెర."

"అది తెలుస్తోంది. చిక్కుడికి మలేరియా వచ్చిందా?"

"ముసుగేశాడే," అన్నాడు బావ. "పెళ్ళికూతుర్ని మన కళ్ళబడనిస్తాడా ఏంటి?"

అక్కయ్య అప్పటికే క్లిప్పులు ఊడబీకి తెర ఎత్తి లోపలికి దూరింది. అతను గోడవైపు తిరిగి నిలబడ్డాడు, బడిలో మార్కులు చదువుతున్నప్పటిలా.

"ఒరేయ్. ఈ పూలకి ఏం అంటుకుంది?"

"మైనం."

"మైనమెందుకు?"

"పుచ్చింది అక్కా. బెజ్జాలు పడ్డాయి. పూడ్చాను."

తెరలోపల్నుంచి మొదట చిన్న దగ్గులాంటిది వినిపించింది. తర్వాత పందిరి కర్రలు ఊగాయి. అక్కయ్య నవ్వుతోంది. కర్ర పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వుతోంది. "ఏమండీ, వీడు... పూలకి... పళ్ళు కట్టాడండీ!"

"నేను ముందే చెప్పానా లేదా?" అన్నాడు బావ, లోకంలో మొదటిసారి తన జోస్యం ఫలించినవాడిలా.

విచిత్రం, అతనికి కోపం రాలేదు. తన గురించి ఎవరైనా ఇంత మనస్ఫూర్తిగా నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు.

"ఆ బెజ్జాలు పురుగులు చేసినవి కాదురా పిచ్చోడా," అంది అక్కయ్య బయటికొచ్చి. "పొట్టి నాలుకల తేనెటీగలుంటాయి. ముందునుంచి వెళితే తేనె అందదు. అందుకని వెనక కన్నం వేసి తాగి పోతాయి. దొంగలే, ఒప్పుకుంటాను. కన్నం పడితే ఇల్లు కూలిపోతుందా? పువ్వుకేం కాదు. కాయ పట్టాలంటే తుమ్మెద ముందునుంచి రావాలి, బరువుగా వాలాలి. నువ్వు దొంగలతోపాటు చుట్టాలకీ తలుపేశావు."

వంగి మట్టిలోకి వేలు దించింది. వేలు పొడిగానే బయటికొచ్చింది. "నీళ్ళు పొయ్యట్లేదా?"

"రోజూ చిలకరిస్తున్నాను."

"పూలకి స్నానం, వేళ్ళకి ఉపవాసం. మొదట్లో పొయ్యాలిరా, మట్టి లోపలిదాకా నానేట్టు. ఈ ఎండకి దాహంతో ఉన్న తీగ కాయని ఎలా మోస్తుంది?"

బావ ఈలోపు దోమతెర మడిచి చంకలో పెట్టుకున్నాడు. "ఇది నేను తీసుకెళుతున్నా. మూడో అంతస్తులో మనుషులకి దోమలున్నాయి."

అక్కయ్య పైకి చూసింది. కింద గుత్తులన్నీ అయిపోయాయి. తీగ చివర్లలో మాత్రం ఇంకా కొన్ని గుత్తులు ఎర్రగా ఉన్నాయి. ఆ మిగిలినవే ఈ ఏటికి. నవ్వు కాస్త తగ్గింది ఆమె ముఖంలో.

"ఫోన్లో బ్రహ్మాండంగా ఉందన్నావు?"

అతను అరచేతిలోని రాలిన పూలు లెక్కపెట్టాడు.

"నిజం చెప్పుంటే అప్పుడే వచ్చేదాన్ని కదరా."

"అందుకే చెప్పలేదు," అన్నాడు. అన్నాక ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆశ్చర్యపోయాడు.

అక్కయ్య అతనివైపు ఓ క్షణం చూసి, నొచ్చుకోవాలా వద్దా అని తేల్చుకోలేక, వద్దనే అనుకున్నట్టుంది. "సరే ఇటు రా. తుమ్మెదలు ఇటు రావడం మానేసుంటాయి. మళ్ళీ మరిగేదాకా నువ్వే తుమ్మెదవి. చూడు."

ఓ పువ్వు పక్కరేకుల్ని చూపుడువేలితో మెల్లగా కిందకి నొక్కింది. లోపల్నుంచి తెల్లటి సన్నపోగు ఒకటి, పుప్పొడి అంటుకుని, వంకీ తిరిగి తొంగిచూసింది. వేలు తియ్యగానే రేకులు లేచాయి, పోగు లోపలికి పోయింది.

"అంతే. ఒక్కోదానికీ ఒకటి రెండుసార్లు. పొద్దున్నే చెయ్యి, ఎండ ఎక్కకముందు. ఏదీ, నువ్వు చెయ్యి."

అతను జేబులోంచి ఇనపపుల్ల తీశాడు.

"వేలితో రా!"

"రేపు చేస్తాలే అక్కా."

వాళ్ళు వెళ్ళాక బకెట్లకొద్దీ నీళ్ళు మోశాడు. మట్టి గుటకలు వేస్తూ తాగింది. ఆ చప్పుడు వింటూ, దాహం వేసిందని ఇన్నాళ్ళూ నోరు తెరిచి అడగలేదేమని తీగని మనసులోనే కోప్పడ్డాడు. ఆ కోపం ఎవరిమీదో తట్టి తనే కాస్త నవ్వుకున్నాడు.

పొద్దున్నే స్టూలు వేసుకుని పైగుత్తుల దగ్గర నిలబడ్డాడు. చేతికి తొడుగు, వేళ్ళమధ్య ఇనపపుల్ల. మొదటి పువ్వుని నొక్కాడు. రేకు చిరిగింది. రెండోదాన్ని ఇంకా మెల్లగా నొక్కాడు. పుల్ల జారి పువ్వంతా ఊడి కింద పడింది. ప్లాస్టర్ మీద వెంట్రుకవాసి తేడా కూడా పట్టే చెయ్యి ఇది. దీనికేమొచ్చింది?

ప్లాస్టర్ తిరిగి నొక్కదు, అదీ సంగతి. పుల్లకి ప్లాస్టర్ చెప్పేదంతా ఒకటే, గట్టిగా ఉన్నాను అని. పువ్వు అలా కాదు. ఎంత వంగుతుందో, ఎక్కడ చాలంటుందో దాన్నే అడగాలి. అడగాలంటే ముట్టుకోవాలి. ముట్టుకుంటే అది బదులు చెబుతుంది. బదులు చెప్పేవాటితో అతనికి అలవాటు లేదు. ఇన్ని నోళ్ళు బాగుచేశాడు గాని, ఒక్క నోటి తడి కూడా అతని వేలికి తగల్లేదు.

ఇంకో రెండు పూలు పాడుచేస్తే ఈ గుత్తి అయిపోతుంది. మిగతా గుత్తులూ ఇలాగే పోతే, అక్కయ్య బాల్కనీలో ఖాళీ మట్టిపెట్టెలు.

చెవి పక్కనుంచి రొద చేస్తూ నల్లటి తుమ్మెద ఒకటి వచ్చింది. మొరటు మనిషి. పక్కగుత్తిలోని పువ్వు మీద, ఏ లెక్కా చూసుకోకుండా, బస్సులో సీటు దొరికినవాడిలా ధబీమని కూలబడింది. పువ్వు నిలువునా వంగింది. విరుగుతుందని అతను ఊపిరి బిగబట్టాడు. విరగలేదు. తుమ్మెద తల దూర్చి, తాగి, పుప్పొడి పూసుకుని లేచింది. పువ్వు ఊగి, తన చోటికి తాను వచ్చేసింది. అంత బరువు వాలినా ఏమీ కాలేదు. పైగా ఏదో బాగానే జరిగినట్టు కనిపించింది.

అది వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఎండ గోడ దాకా వచ్చింది.

అతను ఇనపపుల్లని చొక్కాజేబులో వేసుకున్నాడు. తొడుగుని వేళ్ళ దగ్గర పట్టి లాగాడు. చెమటకి అంటుకుపోయి సాగి సాగి చివరికి ఊడింది. ముడతలు పడ్డ తెల్లటి చూపుడువేలు గాలికి చల్లగా అనిపించింది. చాచి, పువ్వు రేకు మీద ఆనించి, నొక్కాడు.