రెండు చుక్కలు మిగిలాయి

కొల్లేట్లో దారి తప్పేసరికి చీకటి పడింది. ఫోన్లలో ఛార్జింగ్ లేదు, దోనెలోకి నీళ్లు ఊరుతున్నాయి. నెల క్రితమే పెళ్లయిన శ్రావ్య దోసిళ్లతో తోడిపోస్తోంది.

"మన ఊరు ఉత్తరపు గట్టునే కదండీ?"

"ఉత్తరం ఎటో తెలిస్తేగా," అన్నాడు భర్త కృష్ణబాబు, దోనె నెట్టే గెడ ఆపి.

మబ్బు సప్తర్షులను ఒక్కొక్కరినే మింగేస్తోంది. చివరికి ధ్రువుణ్ణి చూపించే రెండు చుక్కలే మిగిలాయి. శ్రావ్యకు బీఎస్సీలో చదివింది గుర్తొచ్చింది: వేడెక్కువైన చుక్క తెలుపు, తక్కువైనది పసుపు.

"ఆ తెల్లదాన్నుంచి పసుపుదాని మీదుగా గీత గీస్తే ధ్రువుడండీ. అటే ఉత్తరం. త్వరగా."

దోనె అటు తిరగ్గానే రెండూ మాయమయ్యాయి. కటిక చీకట్లో గెడకు గట్టు తగిలేదాకా ఆమె అతని చొక్కా వదల్లేదు.

"పెళ్లిలో అరుంధతి కనబడిందని అబద్ధమాడాను," అన్నాడతను.

"నేనూ అంతేనండీ," అని నవ్వేసింది.