ఎకిలా పిన్నికి చోటు

దగ్గరికి జరగండర్రా. గోడకానుకున్నవాళ్లు కూడా వచ్చి చాప మీద కూర్చోండి. కిన్షాసాలో మా పేటకి పేరు తెచ్చిన బొలుంబు సంగతి చెబుతాను.

బొలుంబు వారం వారం ఒక బొమ్మల కథ గీసేది. అందులో ఎకిలా పిన్ని అని చేపలమ్మే మనిషి, నెత్తిన తట్ట, నోటినిండా వెటకారం. ఆ కథని లుకోకి బాబాయ్ తన పాత యంత్రం మీద అచ్చేసి బజారులో అమ్మేవాడు. అదే కథ ఫోన్లలోకీ వెళ్లేది. కరెంటు లేక ఫోన్లు ఆరిపోతే ఎకిలా పిన్ని తట్టతో సహా కిందికి దిగి, ఆ వారం అచ్చు కాగితం మీద కూర్చునేది. పాత కాగితాల్లో అప్పటి ఎకిలా పిన్ని ఉండనే ఉంది, ఇద్దరికి చోటు చాలదు. అందుకే ప్రతి ఇంట్లో ఫోను పక్కన కొత్త ప్రతి ఒకటి ఉంచుకునేవాళ్లం. కాస్త చేపల వాసన వేసేది, అంతే.

ఒకనాడు ఫోన్ల కంపెనీ నుంచి మపాసా అనే ఆయన వచ్చాడు. ఒప్పందం మీద సంతకం పెడితే బొలుంబు బొమ్మలు దేశమంతా చూస్తుందన్నాడు. కాకపోతే ఇక అచ్చు వెయ్యకూడదట. తన బొమ్మలు దేశమంతా చూడాలన్నది ఆమెకి చిన్నప్పటి ఆశ. కానీ సంతకం పెడితే బాబాయ్ యంత్రం మూతపడుతుంది. ఆమెకి గీత నేర్పింది ఆయనే. ఏమీ తేల్చుకోలేక, మచ్చుకి ఒక కథ ఫోన్లోకి మాత్రమే ఇచ్చింది.

వారం తిరక్కుండా మపాసా అచ్చుశాలకే వచ్చి ఒప్పందం బల్ల మీద పరిచాడు.

"పెట్టమ్మా," అన్నాడు బాబాయ్. "నా యంత్రం నాకంటే ముసలిది. దానికోసం నువ్వాగుతావా?"

బొలుంబు కలం పట్టుకుని యంత్రం వైపు తిరిగింది. పేటలో పొద్దుట్నుంచీ కరెంటు లేదు. బల్ల మీదున్న మపాసా ఫోను కూడా అప్పుడే ఆరిపోయింది. అందులోంచి ఎకిలా పిన్ని దిగి అటూ ఇటూ చూసి, ఒప్పందం మీదే చతికిలబడి తట్ట దించింది. ఆమె మాట తల పక్కన బుడగలో తేలింది.

"ఒక్క కాగితమైనా వెయ్యలేదేం? ఎంతసేపని నిలబడను?"

"పిన్నీ, కాస్త జరుగుతావా?" అన్నాడు మపాసా మర్యాదగా.

"బేరమాడకుండా జరిగేది లేదు నాయనా."

కరెంటు వచ్చేదాకా ముగ్గురూ ఆమెతో చేపలు బేరమాడుతూ కూర్చున్నారు. ఆమె లేచి వెళ్లాక చూస్తే, తట్ట నీళ్లకి అచ్చు వెయ్యకూడదన్న మాట మొత్తం కరిగిపోయింది. మిగతాదంతా చక్కగా ఉంది.

"మిగిలింది నాకు నచ్చింది," అంది బొలుంబు. కలం తీసి సంతకం పెట్టింది.

మపాసా ఆ తడి కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు. తర్వాత తనూ సంతకం పెట్టి, మా ఆఫీసులో కూడా కరెంటు పోతుంది, వారం వారం ఒక ప్రతి పంపమని బాబాయ్‌కి చెప్పాడు.

ఇప్పుడు ఏ ఊళ్లో ఫోను తెరిచినా బొలుంబు పేరుంటుంది. దాని కింద, లుకోకి అచ్చుశాల అని కూడా ఉంటుంది.

ఇక లేవండి. ఫుఫు ముద్ద చల్లారితే మీ అమ్మలు నన్నంటారు. పోయి తినండి.