సీసం పెట్టాల్సిన చోట రాగి

ఇది ఎవరో చెబితే విన్నది కాదు, నా కళ్ళతో చూసింది. కార్మాక్ టీగ్ కుడిచెయ్యి కాలుతున్నప్పుడు నేను అదే ట్రామ్ కారు ముందు వాకిట్లో, బండి నడిపే హ్యాండిల్ పట్టుకుని నిలబడి ఉన్నాను. అతనికీ నాకూ మధ్య ముప్పై అడుగుల దూరం కూడా లేదు.

నవంబరు నెల, సాయంత్రం నాలుగున్నర, వాన. ముప్పయ్యెనిమిదో నంబరు కారు ఫౌండ్రీ వీధి ఎత్తు ఎక్కుతోంది. మిల్లు వదిలిన జనం, లాండ్రీ వదిలిన జనం, మనిషి మీద మనిషి. నేను డ్రైవర్ని, పేరు గ్రిఫ్ ప్రాసర్. టీగ్ కండక్టరు. చీకటి పడుతోందని టీగ్ వెనక వాకిట్లో పైకప్పు కింద ఉండే లైట్ల స్విచ్చి తిప్పబోయాడు. అదొక పింగాణీ స్విచ్చి, ఇళ్ళలో పడగ్గది దీపానికి పెట్టుకునే రకం. చవగ్గా దొరికిందని కంపెనీవాళ్ళు దాన్ని తెచ్చి అయిదువందల వోల్టుల కరెంటుకు తగిలించారు. దాని స్ప్రింగు ఎప్పుడో చచ్చింది. వెనక తీగ మీది తొడుగు ఊడిపోయి ఇనుప చట్రాన్ని తాకుతోంది. ఇదంతా మేం చీటీల మీద రాసి నాలుగుసార్లు ఆఫీసులో ఇచ్చాం. వాటితో పొయ్యి రాజేసుకున్నారేమో మరి.

నీలం మంట లేచింది. టీగ్ అరవలేదు. అరవడానిక్కూడా వీల్లేకుండా కరెంటు అతన్ని పట్టేసింది. జనం కేకలు విని నేను బ్రేకు బిగించి వెనక్కి తిరిగేసరికి, మెట్టు మీద వేలాడుతున్న ఒక ఆడమనిషి పైతీగకు ఆనుకునే కడ్డీ తాడును రెండు చేతులా పట్టి కిందికి గుంజింది. కడ్డీ తీగను వదిలింది, మంట ఆరింది, టీగ్ నేలమీద పడ్డాడు. ఆవిడ పేరు ఆగ్నెష్కా, లాండ్రీలో దుప్పట్లు ఉతికే మనిషి. కరెంటు గురించి ఆవిడకెవరూ పాఠం చెప్పలేదు. రోజూ ఎక్కే కారు కాబట్టి ఆ తాడు ఎందుకో చూసి పెట్టుకుంది.

టీగ్‌ని ఆస్పత్రికి మోసుకెళ్ళాక సూపరింటెండెంటు లాటిమర్ క్రేన్ గుర్రబ్బండిలో దిగాడు. బూట్లకు బురద అంటకుండా మెట్టు మీంచి మెట్టు మీదికి కాలేసే మనిషి.

"కారు ఆగి ఎంతసేపయింది?" అన్నాడు. మొదటి మాట అదే.

"టీగ్ చెయ్యి సార్, మొత్తం..."

"నేనడిగింది కారు సంగతి."

తర్వాత ఫ్యూజు పెట్టె మూత తీయించాడు. లోపల సీసం తీగ ఉండాల్సిన చోట రాగి తీగ ఉంది. కింద పడిన టీగ్ టోపీ తీసి, లోపలి పట్టీ మడత విప్పి చూశాడు. అక్కడ ఇంకో రాగి ముక్క. రెండువేళ్ళతో పైకెత్తి, వానలో తడుస్తున్న జనానికి చూపించాడు. "దొంగ ఎవరో తెలిసిందిగా" అన్నాడు.

ఇక్కడ మా సిగ్గు కూడా చెప్పుకోవాలి. ఫ్యూజు తీగ మెత్తటిది, సీసంది. కరెంటు హద్దు దాటితే అది కరిగి తెగిపోతుంది. అది తెగితే మనిషి బతుకుతాడు. దాని పనే అది. అయితే మా కార్లలో తీగలు చివికిపోయి, వాన పడితే చాలు, ఫ్యూజు పోయేది. ఒక్కో వరసలో అయిదు దీపాలు ఒకదానికొకటి కలిపి ఉంటాయి కాబట్టి పోతే అన్నీ ఒకేసారి పోతాయి. కంపెనీ పుస్తకంలో ముప్పయ్యొకటో రూలు ఏమంటుందంటే, దీపాల వేళ దాటాక చీకటి కారు నడపకూడదు, షెడ్డుకు తీసుకుపోవాలి. తీసుకుపోతే ఆ డ్రైవరు, ఆ కండక్టరు పని వంతుల జాబితాలో అట్టడుక్కి పోతారు. మళ్ళీ పని కోసం వారం రోజులు షెడ్డు గుమ్మంలో కుక్కల్లా కాచుకోవాలి.

క్రేన్ ఒకనాడు షెడ్డుకొచ్చి, "నాకు దీపాలు వెలగాలి. ఎలా వెలిగిస్తారన్నది నేను చూడను" అని వెళ్ళిపోయాడు. రాగి అన్న మాట నోట్లోంచి రానివ్వలేదు. అలాంటివాళ్ళ నోళ్ళు భలే శుభ్రంగా ఉంటాయి. ఆ మర్నాటి నుంచి షెడ్డు మిస్త్రీ ఓట్టో క్లింగెన్ రాగి ముక్కలు కత్తిరించి పంచాడు. మేం అడుక్కుని మరీ తీసుకున్నాం. "ఓట్టో మామా, నాకూ ఒకటి. కాస్త లావుది ఇయ్యవూ" అన్నవాణ్ణి నేనే. అరవైమందిమి అరవై టోపీల్లో ఆ ముక్కలు పెట్టుకుని తిరిగాం.

టీగ్ కుడిచేతికి బొటనవేలొక్కటే మిగిలింది. అయిదో రోజు ఉదయం ఆ కట్టుతోనే కోర్టులో నిలబెట్టారు. క్రేన్ బైబిలు మీద చెయ్యి పెట్టి, "రాగి అనే మాట ఈ జన్మలో నేను మా పనివాళ్ళతో అనలేదు" అని ప్రమాణం చేశాడు. అబద్ధం కూడా కాదు చూడండి. జడ్జి వేసవిలో క్రేన్‌తో కలిసి చేపలు పట్టే మనిషి. ఆయన టీగ్ టోపీలో దొరికిన ముక్కను కళ్ళజోడు పైకెత్తి చూశాడు. కాలిన చేతిని మాత్రం చూడలేదు. కంపెనీ సామాను పాడుచేసి ప్రయాణికుల ప్రాణాలమీదికి తెచ్చినందుకు ఆరునెలలు కౌంటీ జైలు అన్నాడు. సాయంత్రం అయిదింటి కారులో పంపమన్నాడు.

మేం ముప్పైమందిమి బెంచీల మీద తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నాం. టోపీలు ఒళ్ళో బోర్లించుకుని, వాటి మీద చేతులు పెట్టుకున్నాం. టీగ్ మా వంక ఒక్కసారి చూసి తల తిప్పేసుకున్నాడు. తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం మిగతావాళ్ళనీ కలుపుకుని, షెడ్డులో పట్టాల మీద చల్లే ఇసుక ఎండబెట్టే గదిలో చేరాం. వెచ్చగా ఉంటుందని ఎప్పుడూ అక్కడే చేరతాం.

"ఆ ముక్కలు కాలవలో పారేయండ్రా, రేపు మన టోపీలు కూడా వెతుకుతారు" అన్నాడొకడు.

"టీగ్ కోసం ప్రార్థన చేయిద్దాం" అన్నాడు ఇంకొకడు.

"ఆ పని పాదిరీ చేసుకుంటాడు గానీ నువ్వు కూచో" అన్నాడు మూడోవాడు.

ఓట్టో ఇసుక కుప్ప మీంచి లేచాడు. అరవయ్యేళ్ళవాడు. "తీగ కోసింది నేను. వెళ్ళి జడ్జికి చెప్పేస్తాను."

"చెప్తే ఏమవుద్ది మామా? జైల్లో ఒకడి బదులు ఇద్దరుంటారు" అన్నాను నేను.

అప్పుడు గుమ్మంలోంచి నవ్వు వినిపించింది. ఆగ్నెష్కా. సాక్ష్యం చెబుతానని కోర్టుకొస్తే ఆవిణ్ణి మెట్ల దగ్గరే ఆపేశారట. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలిసే ఇక్కడికొచ్చింది.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారే, మీరు ఆ ఆకులు కూడా పట్టుకోలేదు కదయ్యా! ఒక్కొక్కడికీ ఇంతింత మీసాలు! నేను తాడు లాగినప్పుడు నాకేం తెలుసని లాగాను? మనిషి కాలిపోతున్నాడని లాగాను. ఇవాళ కోర్టులో ఆ మనిషే కాలిపోతుంటే మీరు టోపీలు నిమురుకుంటా కూచున్నారంట. థూ!"

"ఏం చెయ్యమంటావమ్మా? పెళ్ళాం పిల్లలున్నోళ్ళం" అన్నాడు ఆ ప్రార్థనవాడు.

"టీగ్‌కి లేరా? ఆ కారులో నా కూతురూ ఎక్కుద్ది. నీ పెళ్ళామూ ఎక్కుద్ది. ఆ రాగి ఎవరి నెత్తిన పెట్టారనుకున్నావ్?"

ఓట్టో మెల్లగా అన్నాడు, "అన్ని కార్లలోనూ రాగి పీకేస్తాను. సీసమే పెడతాను. వాన పడుతూనే ఉంది. ఇక దీపాలు నిలబడేదెక్కడ?"

"నిలబడకపోతే ముప్పయ్యొకటో రూలు" అన్నాను. నాకు అప్పుడే వెలిగింది. "చీకటి కారు నడపం. రూలు వాళ్ళదేగా!"

"షెడ్డుకి తెస్తే జాబితాలో కిందికి తోస్తారు గదన్నా?"

"అరవైమందిమీ కిందే ఉంటే పైన ఎవడుంటాడ్రా? క్రేనా?"

చాలా రోజుల తర్వాత ఆ గదిలో నవ్వు లేచింది. వాదన ఇంకో గంట నడిచింది. నలుగురు రామని వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం చేతులెత్తాం. టీగ్‌ని జైలుకి మోసే కారు ఒక్కటీ కదలదు, టీగ్ బయటికొచ్చేదాకా ఏదీ కదలదు.

అయిదు గంటలకు కోర్టు ముందు చౌకులో పద్దెనిమిది కార్లు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. అన్నిటికన్నా ముందున్నది ముప్పయ్యెనిమిదే. కంపెనీ దాని కాలిన చెక్కకు రంగేసి, అదే స్విచ్చితో మూడోనాడే పట్టాలెక్కించింది. దాన్ని తెచ్చింది నేను. ఖైదీల్ని జైలుకు చేర్చే షెరీఫ్ టీగ్‌ని ఎక్కించి కూర్చోబెట్టాడు. మిల్లు జనం, లాండ్రీ జనం చౌకంతా నిండిపోయారు.

క్రేన్ గొడుగు వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఏమిటీ చీకటి? దీపాలెయ్యండి, కదలండి!"

ఓట్టో వెనక వాకిట్లోకెక్కి, అందరికీ కనపడేలా చెయ్యెత్తి స్విచ్చి తిప్పాడు. ఫ్యూజు పెట్టెలో ఠప్‌మంది. దీపాలు ఒక్కసారి మిణుక్కుమని పోయాయి. ఓట్టో అరచెయ్యి జనానికి చూపించాడు. "చూడండి బాబూ, నా చెయ్యి చల్లగా ఉంది. సీసం పెట్టాను. టీగ్‌కి కూడా ఇదే పెట్టుంటే..." అంటూ టీగ్ కట్టు వైపు చూశాడు.

నేను హ్యాండిల్ ఊడదీసి కోటు జేబులో వేసుకున్నాను. "చీకటి కారు సార్. ముప్పయ్యొకటో రూలు."

"ఇంకోటి పెట్టి నడపరా!"

"అదీ పోద్ది సార్. వాన."

"అయితే పోనిది పెట్టు!"

"పోనిదంటే ఏంటి సార్? పేరు చెప్పండి, పెడతాం."

చూడాలి క్రేన్ ముఖం, గాలం మింగిన చేపలా ఉంది. జనంలోంచి ఆగ్నెష్కా అరిచింది, "పేరు చెప్పవయ్యా దొరా!" పక్కనున్న ఆడవాళ్ళు అందుకున్నారు. "పేరు చెప్పు! పేరు చెప్పు!" చౌకంతా అదే కేక. గొడుగు గాలికి తిరగబడింది. వాన కాలర్లోకి దిగింది. అంత పెద్ద చదువు, అంత పెద్దమనిషితనం, రెండు నిమిషాలు కూడా ఆగలేదు.

"రాగి! రాగి పెట్టి చావండిరా! ఎప్పుడూ పెట్టేదేగా!"

తలలన్నీ మెట్ల వైపు తిరిగాయి. కోర్టు మెట్ల మీద జడ్జిగారి గుమాస్తా ఉన్నాడు. కారులో షెరీఫ్ ఉన్నాడు. ఈ జన్మలో అనని మాట పొద్దున ప్రమాణం చేసిన నోటితోనే అనేశాడు, వెయ్యిమంది విన్నారు.

ఓట్టో ఇంకేమీ అనకుండా పైకడ్డీ దింపించి, స్విచ్చి ఆపేశాడు. ఫ్యూజు పెట్టెలో రాగి బిగించి, కడ్డీ మళ్ళీ తీగకు ఎక్కించాడు. తర్వాత మర్యాదగా పక్కకు తప్పుకున్నాడు. "పెట్టాను సార్. ఇక మీరే తిప్పండి."

క్రేన్ వాకిట్లోకి ఎక్కాడు, ఎక్కక తప్పలేదు. తోలు తొడుగు ఉన్న చెయ్యి పైకి పోయింది. పింగాణీకి జానెడు దూరంలో ఆగింది. వేళ్ళు ముడుచుకున్నాయి. మళ్ళీ చాచాడు, మళ్ళీ ముడిచాడు. ఇన్నేళ్ళుగా అరవైమందిని రోజూ ఆ స్విచ్చి దగ్గరికి పంపిన మనిషి ఇతనే. షెరీఫ్ వైపు తిరిగి, "నువ్వు తిప్పు" అన్నాడు.

"నా పని ఖైదీని కాయడం సార్, దీపాలెయ్యడం కాదు" అన్నాడు షెరీఫ్, ఒక అడుగు వెనక్కేస్తూ.

టీగ్ అయిదు రోజుల తర్వాత నోరు విప్పాడు. "తిప్పండి దొరా. మీకింకా పది వేళ్ళున్నాయిగా!"

ఆ నవ్వు మా ఊళ్ళో ముందెప్పుడూ వినలేదు. మిల్లు పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. గుమాస్తా కూడా ముఖం అటు తిప్పుకున్నాడు. నాకు మాత్రం కళ్ళవెంట నీళ్ళొచ్చాయి, నవ్వో ఏడుపో నాకే తెలియలేదు. ఇలాంటివాడికా మేం ఇన్నాళ్ళూ భయపడింది!

"పట్టుకోండి వీళ్ళని! కారు ఆపినందుకు, ఆ ముసలాణ్ణి, వీణ్ణి!" అని క్రేన్ వేలు చూపించాడు. షెరీఫ్‌కి వేరే దారి లేదు. నా జేబులో హ్యాండిల్ అడిగాడు, ఇవ్వలేదు. మిగతా పదిహేడుమంది డ్రైవర్లూ తమ హ్యాండిళ్ళు ఊడదీసి జేబుల్లో వేసుకుని కిందికి దిగారు. నడిపేవాడు లేడు. కౌంటీ జైలు ఎనిమిది మైళ్ళు.

"అయితే నడుద్దాం" అన్నాడు టీగ్.

ముగ్గురు ఖైదీలం, వెనక షెరీఫ్, వాళ్ళ వెనక అరవైమందికి నలుగురు తక్కువ, వాళ్ళ వెనక మిల్లూ లాండ్రీ. ఆగ్నెష్కా టీగ్ ఎడమచెయ్యి పట్టుకుని నడిచింది. ఓట్టో మామ కాళ్ళు తడబడితే ఇద్దరు కుర్రాళ్ళు భుజాలిచ్చారు. మమ్మల్ని ముగ్గుర్నీ వదిలేదాకా రేపటి నుంచి మిల్లుకెవరూ పోవద్దని ఎవరో వెనక నుంచి అరిచారు, ముందువాళ్ళు దాన్ని ఇంకా ముందుకు అందించారు.

వంతెన మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. చౌకులో పద్దెనిమిది కార్లు చీకట్లో అలాగే ఉన్నాయి. క్రేన్ ఇంకా ముప్పయ్యెనిమిదో నంబరు వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. దిగాలంటే ఆ స్విచ్చి కిందనుంచే దిగాలి.