భరిణెకు శాపం లేదు

నేను ఒక కంచు భరిణెను. చిటికెన వేలి కొన పట్టేంత లోతు, మూత మీద అలల గీతలు, లోపల నల్లని అంజనం. సింగప్ప నాయకుని దుర్గం గురించి కథలు చెప్పేవారు నాకు శాపం ఉందంటారు. నన్ను తాకినవారి కళ్లు పోతాయని పిల్లలను భయపెడతారు. కళ్లు దెబ్బతిన్న మాట నిజమే. శాపమన్న మాట మాత్రం పచ్చి అబద్ధం. ఏ పని వలన ఏ ఫలితం కలిగిందో వరుసగా చెబుతాను. నింద ఎవరికి చెందాలో ఆ తరువాత మీరే తేల్చండి.

నన్ను పోత పోయించినది బయ్యమ్మ. ఎండిన కొండనేలలో బావులకు చోటు చూపడం ఆమె వృత్తి. ఆముదపు దీపం మసిలో తనకే తెలిసిన ఆకుపసరు కలిపి నూరి నాలో నింపింది. ఆ కాటుక పెట్టుకున్న కంటికి నేల అడ్డు కాదు. చెట్ల వేళ్లు, చీమల గూళ్లు, బండల సందున పారే నీటి జాడ అన్నీ కనిపిస్తాయి. పెట్టుకున్నవారు చూసినదంతా నాకూ తెలుస్తుంది. అయితే ఆ చూపు ఊరికే రాదు. నేల లోపలికి చూసిన కొద్దీ నేల మీది చూపు పలచబడుతుంది. విశ్రాంతి ఇస్తే మెల్లగా కోలుకుంటుంది. అందుకే బయ్యమ్మ ఒక బావికి చోటు చూపాక, ఎవరు ఎంత బతిమాలినా, నెల తిరిగేదాకా నా మూత తీసేది కాదు.

"తోడింది మళ్లా ఊరాల్నా వద్దా? నా కండ్లూ అంతే నాయనా" అనేది.

ఆమె పోయాక, ఆమె తమ్ముడి కొడుకు దొర మెప్పు కోసం నన్ను దుర్గానికి కానుకగా పట్టుకుపోయాడు. నా శక్తిని నోరారా పొగిడాడు. విశ్రాంతి సంగతి మాత్రం ముసలిదాని చాదస్తమనుకొని చెప్పలేదు. జరిగిన అనర్థానికి మొదటి కారణం అది.

పూర్వపు ఏలిక దాచిన బంగారం కోటలోనే ఎక్కడో ఉందని సింగప్ప నమ్మకం. మొదట తన కళ్లకే కాటుక పెట్టుకొని, సభామంటపంలో గద్దె మీద కూర్చునే కిందికి చూశాడు. బంగారం కనిపించలేదు. పునాది రాళ్ల మధ్య మోకాళ్లు ముడుచుకొని కూర్చున్న అస్థిపంజరాలు కనిపించాయి. గోడ కూలకుండా నిలవాలని అతడే ప్రాణాలతో పాతిపెట్టించిన రాతిపని కూలీలు వారు. కొండ చరియ విరిగి పోయారని అప్పట్లో వారి ఇళ్లకు కబురు పంపించాడు.

"ఏం కనపడె దొరా?" అని అడిగాడు ఆస్థాన మాంత్రికుడు భైరవాచారి.

"ఏమీ ల్యా" అన్నాడు సింగప్ప. అతని పెదవులు ఆరిపోయి ఉన్నాయి.

దొర ముఖం చదవడంలో ఆచారి దిట్ట. "ఎట్ల కనపడుతాది దొరా? మామూలు కండ్లకు అంజనం పలకదు. ఎదురుకాళ్లతో పుట్టినోళ్లకే పలుకుతాది. శాస్త్రం అట్ల చెప్తాది."

ఏ శాస్త్రమూ అలా చెప్పలేదు. నా విషయంలో ఆ నియమం ఆ పూటే, ఆ మంటపంలోనే, ఒక పిరికివాడి పరువు కాపాడటానికి పుట్టింది. బయ్యమ్మ అందరిలాగే తల ముందుగా పుట్టిన మనిషి.

ఆ నియమం వలన ఓబులిని తెచ్చారు. ఆమె దిగువపేటలో బొంతలు కుట్టి బతికే పడుచు. కాళ్లు ముందుగా పుట్టిందని మంత్రసాని సాక్ష్యం చెప్పింది. వీధిలోని ముసలివాళ్లందరూ సూదిలో దారం ఎక్కించుకోవడానికి ఆమె గడపకే వచ్చేవారు. ఆ చూపే ఆమెకు కూడు పెట్టేది.

రోజూ పొద్దున్నే నా మూత తీశారు. ఆవరణలో ఒక్కొక్క చోట ఆమెను నిలబెట్టారు.

"ఏముందిమే ఆడ?"

"రాళ్లు, దొరా."

"రాళ్ల కింద?"

"ఇంకా పెద్ద రాళ్లు. మోసుకుపోతారా?"

భటులు పక్కకు తిరిగి నవ్వుకునేవారు. ఓబులి మెట్లు తప్పి పడటం మొదలయ్యాక ఎవరూ నవ్వలేదు. సూది బెజ్జం కనిపించడం మానింది. తరువాత అన్నంలో రాయి ఏదో మెతుకు ఏదో తెలియలేదు. కొన్నాళ్లు వదిలిపెట్టమని ఆమె ప్రాధేయపడితే ఆచారి మురిసిపోయాడు.

"బయటి చూపు పోయేకొద్దీ లోచూపు ముదురుతాంది. మామూలు మనిషిని దాటి పైకి పోతాండావు. ఏడుస్తావేందిమే?"

ఆ మాట గుర్తుకు వస్తే ఈనాటికీ నా కంచు కాలుతుంది. మనిషిని మించిన మనిషిని తయారు చేస్తున్నానని చెప్పుకొనే పెద్దమనిషి ఆ మహోపకారాన్ని తన కంటికి ఎందుకు చేసుకోడు? ఎదుటివాడి ఒంట్లోంచి ఒకటి పోతుంటే దానిని ఉన్నతి అని పిలవడానికి ఎంత చదువు కావాలి? పైగా, భూగర్భాన్ని చూడగల దివ్యదృష్టి సింగప్పదేనని భట్రాజులు పద్యాలు కట్టారు. దొర ఆ పద్యాలు విని తల ఊపాడు.

ఒకనాడు గుర్రపుసాల ముందు నిలబెట్టారు. కాటుక పెడుతూండగానే సింగప్ప ఆచారితో అన్న మాట ఓబులి చెవిన పడింది.

"ఈడ దొరికితే పక్క కోటలు చూపిద్దాం. కండ్లు పూర్తిగా పొయ్యేలోపల దీంతో కొండలన్నీ చూపియ్యాల."

ఆమె కిందికి చూసింది. బండ కింద రాగి కొప్పెరలు, వాటి నిండా బంగారం. ఆమెతోపాటు నేనూ చూశాను. ఓబులి తొందరపడలేదు. బంగారం దొరికితే వదిలేస్తారన్న ఆశ ఆమెకు అంతదాకా ఉండేది. ఆ మాట విన్నాక ఆశ పోయి తెలివి మిగిలింది.

"కనపడ్ల్యా దొరా."

"రాళ్లన్నా కనపళ్లేదా?"

"రాళ్లు గూడా ల్యా. ఉత్త చీకటి. మీ భరిణె సచ్చిపోయింది."

ఆచారి నన్ను లాక్కున్నాడు. "అబద్ధాలాడుతాంది దొరా! నేనే చూస్తా." వేలు ముంచి కంటిదాకా తెచ్చాడు.

"సామి గూడా ఎదురుకాళ్లతోనే పుట్టినారా?" అని అడిగింది ఓబులి, ఏమీ ఎరగనట్టు. "మీయమ్మ ఇంకా ఉండాది గదా. పిలిపిచ్చి అడుగుదాం."

సాలలోని మనుషులు తలపాగా చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆచారి వేలు గాలిలోనే ఆగింది. పెట్టుకొంటే తాను చెప్పిన శాస్త్రం బూటకమవుతుంది. ఆదుకోమన్నట్టు దొర వైపు చూశాడు. ఈ కాటుక మామూలు కళ్లకూ పలుకుతుందని సింగప్పకు స్వానుభవం. కానీ ఆ మాట పైకి అంటే, ఆనాడు ఏం చూశావని అడుగుతారు. అడిగేవారు దూరాన లేరు. పునాది కింద ఉన్నవారి కొడుకులూ తమ్ములూ గుర్రాలకు గడ్డి వేస్తూ ఆ సాలలోనే ఉన్నారు.

సింగప్ప నన్ను అందుకొని గోడ అవతలికి విసిరేశాడు. "దీన్ని గూడా పంపించెయ్యండి. కూడు దండగ."

గోడ కింది చెత్తకుప్ప మీద, కుండపెంకుల మధ్య పడ్డాను. మూత ఎటో ఎగిరిపోయింది; అంజనం బూడిదలో కలిసిపోయింది. దాహం తీర్చడానికి పుట్టిన దానికి ఆ గతి పట్టించి, పైన వాళ్లు మధ్యాహ్నపు భోజనానికి లేచారు.

కొంతసేపటికి ఓబులి, తనను తీసుకుపోవడానికి వచ్చిన చెల్లెలు చెన్నక్క చేయి పట్టుకొని కోట దిగివచ్చింది. ప్రతి అడుగూ కాలితో తడిమి వేస్తోంది. కుప్ప దాటబోతూ ఆగింది.

"ఏందది, ఆడ మెరుస్తాండేది?"

"యాడక్కా? ఏందో పాత కంచు. దా, ఎండ మండుతాంది."

"ఉండుమే" అంది ఓబులి. "నాకు కనపడుతాంది."

చెన్నక్క ఆమె చేయి లాగలేదు. ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. ఎండ నా మీద ఉన్నంతసేపూ నేను మెరుస్తూనే ఉన్నాను.